నలభై ఒకటో నంబరు కుండీ

పోయిన వారం ఈ కథని, నన్ను బాల్కనీలో నిలబెట్టి, ఆపాను. ఎదురుగోడ మీద కాగితం అంటించి పోయారు, బుధవారం నుంచి ఆ భవనం కూలగొడతారని. చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్లకి నాలుగు మాటలు.

మాది రెండో అంతస్తు. బాల్కనీ పొడుగు ఏడడుగులు, వెడల్పు మూడున్నర. ఎదురుగా, గొడుగు చాపితే తగిలేంత దూరంలో, పక్క భవనం గోడ. కిటికీ లేదు, తలుపు లేదు. ఆరంతస్తుల ఉత్త గోడ. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే మా ఆవిడ, "ఇక్కడ గుడ్డలే కాదు, మనుషులు కూడా ఆరరు" అంది. అయినా చేరాం.

గుడ్డలారని ఆ చోట ఏడు చెట్లు పెరుగుతున్నాయి. పూలమొక్కలు కావు. వాన తెరిపివ్వని అడవుల్లో నూటయాభై అడుగులు లేచే మానులు. ముప్ఫై ఎనిమిదేళ్లు నేను కోత మిల్లులో రంపం మీద పనిచేశాను. ఓడల మీద వచ్చే దుంగల్ని పలకలు కొట్టడం నా పని. పని మానేసే ఏడాది దుంగల బెరడు సందుల్లో మొలకలు కనిపిస్తే పెకలించి, మధ్యాహ్నం తినే డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఖాళీ రంగుడబ్బాల అడుగున చిల్లులు కొట్టి నాటాను. పదిహేడు తెస్తే ఏడు మిగిలాయి. అయిదేళ్లు దాటింది. అన్నిటికన్నా పొడుగుది నా ఛాతీ దాకా వచ్చింది. పొట్టిది మోకాలు దాటలేదు.

మా ఆవిడ తమ్ముడు కూడా ఆ మిల్లులోనే పనిచేసేవాడు. ఆ యార్డులోనే పోయాడు. దుంగ దొర్లి మీద పడింది. అయిదేళ్లు దాటుతోంది. ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం.

ఇప్పుడు గోడ పోతే ఎండ వస్తుంది. నీడలో పుట్టిన ఆకు ఎండకి రెండు రోజులు కూడా ఆగదు, మాడిపోతుంది. ఏం చెయ్యాలో తోచక, ఊరవతల పెద్ద మొక్కల తోట ఉంటే, దానికి మా ఆవిడ చేత ఫోను చేయించాను. వచ్చి చూస్తామన్నారు.

ఆదివారం పొద్దున తోటావిడ వచ్చింది.

నలభై ఏళ్లుంటాయి. మెడలో తాడుకి చిన్న భూతద్దం వేలాడుతోంది. బాల్కనీలోకి అడ్డంగా తిరిగి నడిచింది. అలా నడవకపోతే ఆకులు తగులుతాయని ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలిసింది. అక్కడే నాకు నచ్చింది. పావుగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు. అది ఇంకా నచ్చింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది, చూసింది, ఇక ఉండబట్టలేక, "బాగుంది. ఈ ఇంట్లో ఒక మూగదేవుడు చాలడని రెండో ఆవిడ కూడానా? మీరిద్దరూ కూర్చుని మౌనంగా మాట్లాడుకోండి, నాకు పొయ్యి మీద పనుంది" అంది. అని వెళ్లిందా అంటే వెళ్లలేదు.

తోటావిడ నవ్వింది. "నీళ్లు ఏం పోస్తారు బాబాయిగారూ?"

"వాన నీళ్లు. డాబా మీద నుంచి పట్టి దాస్తాను."

"కుళాయివి పొయ్యరా?"

"పోస్తే ఆకు కొసలు మాడినట్టయ్యాయి. మానేశాను."

"మట్టిలో?"

"మొదట రంపపు పొట్టు కలిపాను. పది చచ్చాయి."

"పచ్చి పొట్టా?"

"పచ్చిదే."

"అది కుళ్లేటప్పుడు మట్టిలో సత్తువంతా తనే లాగేసుకుంటుంది. వేళ్లకేం మిగలదు."

నాకు తెలిసిందల్లా పొట్టే. చెట్టు పొడి కదా, చెట్టుకి మంచిదే అనుకున్నాను. పది పోయాక మంచిది కాదని తెలిసింది. ఎందుకు కాదో ఇవాళ తెలిసింది.

"ఆయన్ని అడిగితే ఏం చెప్తాడమ్మాయీ, నన్నడుగు" అని మా ఆవిడ ముందుకొచ్చింది. "ఆయన నడుం పట్టేసిన దగ్గర్నుంచి పోసేదాన్ని నేను. వారానికోసారి తడిగుడ్డ పెట్టి ఆకులు తుడిచేదాన్ని నేను. ఇదిగో, ఈ మధ్యదానికి ఓ రోజు కొత్తాకులొచ్చాయి. ఎర్రగా, పిండని గుడ్డల్లా వేలాడిపోయాయి. చచ్చింది రా బాబూ అని కూర్చుని ఏడ్చాను. వారానికి నిటారుగా లేచి పచ్చబడ్డాయి. అది దాని పద్ధతట. తెలిసి కూడా ఈయన చెప్పలేదు."

"నాకూ తెలీదు" అన్నాను.

"చూశావా? ఆ ముక్క రెండేళ్లకి ఇవాళ చెప్తున్నాడు. ఎవరి నోట్లోనైనా నువ్వుగింజ నానదంటారు. ఈయన నోట్లో వేస్తే నానడమేమిటి, మొలకెత్తి మానవుతుంది."

తోటావిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే పొట్టిదాని ముందు గొంతుక్కూర్చుంది. అది మా ఆవిడ ముద్దుబిడ్డ. బుడ్డోడు అని పిలుస్తుంది. పదకొండు ఆకులు. రెండేళ్లుగా ఏడాదికి ఒక ఆకు వేస్తే ఒకటి రాలుస్తుంది. ఎంత పోసినా, ఎంత తుడిచినా అంతే.

"ఇది పెరగడం లేదేం అమ్మాయీ? జబ్బా?"

"జబ్బేం లేదు పిన్నిగారూ. ఎదురు చూస్తోంది."

"దేనికి?"

"అడవిలో కింద ఇంతే వెలుగుంటుంది, మీ బాల్కనీలో ఉన్నంతే. పెద్ద చెట్ల నీడ. ఇలాంటివి ఆ నీడలో ఇంతెత్తునే నిలబడి ఉంటాయి. పదేళ్లు, ఇరవయ్యేళ్లు. చావవు, పెరగవు. ఎప్పుడో పైన ఒక పెద్ద మాను పడిపోతుంది. కన్నం పడి వెలుగు దిగుతుంది. అప్పుడు లేస్తాయి. ఇక ఆగవు."

నేను ఆ మొక్క వంక చూశాను. నా జీవితమంతా పడిపోయిన మానుల్నే చూశాను. చుట్టుకొలత, పొడుగు, పగుళ్లు, పురుగు తొలిచిన చోట్లు. ఒక్కోటీ ఎన్ని పలకలిస్తుందో కంటితో చెప్పేవాణ్ణి. అది పడినప్పుడు కింద ఇంకోటి మోకాలెత్తున నిలబడి ఉండి ఉంటుందని ఒక్కసారైనా అనుకోలేదు.

"మరి గోడ పడితే మా వాడికీ వెలుగొస్తుందిగా? మంచిదేగా?" అంది మా ఆవిడ.

"ఒక్కసారిగా వస్తే ఈ ఆకులు కాలిపోతాయి. నీడ వల కట్టి మెల్లగా అలవాటు చెయ్యొచ్చు. కానీ అలవాటైతే రెండేళ్లలో మీ కప్పు తగులుతాయి పిన్నిగారూ. ఇవి కుండీలో ఊరుకునే జాతి కాదు. నాకిస్తే తోటలో పెద్ద చెట్ల కింద పెడతాను. రేపు సాయంత్రం బండి పంపిస్తాను."

మా ఆవిడ కొంగుతో బుడ్డోడి ఆకు ఒకటి తుడిచింది. అంతకు ముందే తుడిచిన ఆకే.

"వీడొక్కణ్ణి ఉంచుకోకూడదా? వీడెలాగూ పెరగడుగా."

"ఉంచుకోవచ్చు. వల కట్టుకుంటే. ముందు ఏ జాతో చూద్దాం" అని తోటావిడ డబ్బాలు తిప్పి చూడ్డం మొదలెట్టింది.

అప్పుడే ఆపాల్సింది నేను.

డబ్బాలన్నిటికీ నేను నంబర్లు వేసి ఉంచాను. తెల్లరంగుతో, గోడ వైపు ఉండేలా. మిల్లులో ప్రతి దుంగకీ మొదలు కోత మీద ఒక నంబరు రాస్తారు. ఏ మొలక ఏ దుంగ బెరడులో దొరికితే ఆ నంబరే దాని డబ్బాకి వేశాను. నాకు ఆకు చూస్తే చెట్టు తెలీదు. కోత చూస్తే తెలుస్తుంది. కొయ్య వాసన చూస్తే తెలుస్తుంది. మరి మొక్కని కోసి చూడలేను కదా. అందుకని తల్లి నంబరు పిల్లకి రాసుకున్నాను.

తోటావిడ ఒక్కో డబ్బా తిప్పి గట్టిగా చదువుతోంది. "పద్దెనిమిది. ముప్ఫై. డెబ్భై రెండు. ఇదేమిటి, ఈ పొట్టిదానికి నలభై ఒకటా?"

"ఎంత?" అంది మా ఆవిడ.

"నలభై ఒకటి."

మా ఆవిడ వంగి చూసింది. ఆమెకి చదువు బాగా వచ్చు. మా ఇంటికి వచ్చే కాగితాలన్నీ ఆమే చదువుతుంది. అయిదేళ్ల కిందట ఒక కాగితం వచ్చింది, తమ్ముడు ఎలా పోయాడో విచారణ చేసి రాసిన కాగితం. అది కూడా ఆమే చదివింది. మూడుసార్లు. 'నలభై ఒకటో నంబరు దుంగకు పెట్టిన ఆపుచెక్క జారిపోవుటచే' అని మొదలయ్యేది.

చాలాసేపు వంగే ఉంది. వేలితో ఆ తెల్లరంగు రుద్ది చూసి లేచింది.

"ఏమయ్యా."

నేను డబ్బా మీది నంబరే చూస్తున్నాను.

"ఈ నంబరు దుంగ నంబరేనా?"

"ఊ."

"ఆ దుంగేనా?"

"ఊ."

"నోరు తెరిచి చెప్పు. ఊకొట్టడానికి నేనేం కథ చెప్పడం లేదు."

"ఆ దుంగే" అన్నాను.

తోటావిడకి ఏదో జరిగిందని అర్థమైంది గాని ఏమిటో తెలీదు. సంచి సర్దుకుంటూ, "నేను కింద ఉంటాను పిన్నిగారూ" అంది.

"కూర్చో అమ్మాయీ. నువ్వు కదిలావంటే ఈయన నోరు మళ్లీ పూడుకుపోతుంది. పరాయి మనిషి ఉంటే మర్యాదకైనా నాలుగు ముక్కలు రాలతాయి." ఆ మాట నవ్వుతూ అనలేదు. "నా తమ్ముణ్ణి చంపిన దుంగ అమ్మాయీ అది. వాడి మీద దొర్లిన దుంగ. దాని పిల్లని ఈయన ఇంటికి తెచ్చాడు. తెచ్చి నాకిచ్చాడు. నాలుగేళ్లుగా నా చేత నీళ్లు పోయించాడు. నేను వీణ్ణి ముద్దుచేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు."

"నేనివ్వలేదు" అన్నాను. "నువ్వే పొయ్యడం మొదలెట్టావు."

"వద్దని అనలేదుగా!"

అనలేదు. నిజమే.

"ఎందుకు తెచ్చావు?"

తెలిసినంతవరకు చెప్పాను.

"వాడు పోయిన పది రోజులకి పనిలోకెళ్లాను. ఆ దుంగని ఎవరూ ముట్టుకోవడం లేదు. అలాగే పడి ఉంది. మధ్యాహ్నం తిండి వేళ దాని దగ్గరకెళ్లి కూర్చున్నాను. బెరడు సందులో ఇది ఉంది. రెండాకులు. దుంగ కోతకెళ్తే బెరడు పొయ్యిలోకెళ్తుంది. ఇదీ వెళ్తుంది. డబ్బా ఖాళీగా ఉంది. పెట్టుకున్నాను."

"దుంగని ఎవరు కోశారు?"

"నేనే. ఇంకెవరూ ముందుకు రాలేదు. అదే నా ఆఖరి కోత."

మా ఆవిడ గుమ్మం మీద కూలబడింది. నేను నిలబడే ఉన్నాను. ఇంకెవరైనా దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు. నాకు చేతకాలేదు.

తోటావిడే నెమ్మదిగా అడిగింది. "బాబాయిగారూ, ఆ దుంగ మీరు కోశారన్నారు. కోస్తే ఏం కారింది?"

"ఎర్రటి జిగురు. చేతికంటితే వారం పోదు."

"వాసన?"

"ఘాటు. కర్పూరంలాగా."

"పాలు కారలేదు కదా?"

"ఆ జాతికి పాలుండవు. ఎన్నో కోశాను."

ఆమె మా ఆవిడ వంక చూసి, "ఒక్క ఆకు తుంచనా?" అంది. మా ఆవిడ తలూపింది. తోటావిడ అన్నిటికన్నా కిందున్న ముసలాకుని కాడతో సహా తుంచింది. తుంచిన చోట తెల్లటి బొట్టు ఒకటి ఉబికింది. నిండుగా ఉబికి, జారి ఆమె గోరు మీద పడింది. పాలు.

"ఇది ఆ దుంగ పిల్ల కాదు పిన్నిగారూ. ఆ జాతే కాదు."

"మరి దాని ఒంటి మీదేగా పుట్టింది?"

"బెరడు పగుళ్లలో తడుంటుంది, దుమ్ముంటుంది. ఏ గబ్బిలమో, పిట్టో పండు తిని గింజ అక్కడ వదిలి ఉంటుంది. ఎక్కడ దొరికితే దాని పిల్ల అనుకోకూడదు. ఈ ఏడింటిలో నాకు కనిపిస్తున్నంతవరకు రెండే ఆ నంబర్లకి సరిపోయేలా ఉన్నాయి."

ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం. మొదలూ చివరా చూసి దుంగ కొండ ఏ వాలులో పుట్టిందో చెప్పేవాణ్ణని మిల్లులో పేరు. ఏడింట్లో అయిదు తప్పు. ఇంకో రోజైతే సిగ్గుపడేవాణ్ణి.

మా ఆవిడ ఆ తెల్ల బొట్టు వంక చూస్తూ ఉంది. కాస్త ఊపిరాడినట్టయింది ఆమెకి. నాకూ ఆడింది. ఇక్కడితో తేలిపోతుందనుకున్నాను. తోటావిడ కూడా అలాగే అనుకుని లేచింది. రేపు అయిదింటికి బండి వస్తుందని, ఇవాళ నీళ్లు పొయ్యొద్దని, ఆరూ తాళ్లతో కట్టి ఉంచమని, ఏడోది మీ ఇష్టమని చెప్పింది. వెళ్లిపోయింది.

ఇద్దరమే మిగిలాం. కింద వీధిలో ఎవరో ఆ భవనం చుట్టూ అడ్డు రేకులు పాతుతున్నారు. సుత్తి దెబ్బలు.

"ఒకటి చెప్పు" అంది మా ఆవిడ. గొంతు మామూలుగా ఉంది. అందుకే భయం వేసింది. "పిల్ల దానిది కాదు, సరే. తెచ్చినప్పుడు నువ్వు దానిదే అనుకున్నావుగా?"

"అనుకున్నాను."

"వాణ్ణి చంపిందని తెలిసి కూడా తెచ్చావు. కాలిపోతుందని జాలిపడ్డావు. దుంగ మీద కోపం లేదు నీకు. ఎందుకు లేదు?"

నలభై ఏళ్లుగా ఒక చూరు కింద ఉన్నాం. నేను మాట్లాడనని లోకమంతా అనుకుంటుంది, ఆమెతో సహా. కానీ మాట్లాడని మనిషిని చదవడం ఆమెకొచ్చినంత ఎవరికీ రాదు. కాగితాలు చదివినట్టే చదువుతుంది. మూడుసార్లు.

"చెక్క జారిందని రాశారు" అంది. "జారిందా?"

సుత్తి దెబ్బ ఒకటి. ఇంకోటి.

"జారలేదు" అన్నాను. "తీశాను."

"నువ్వా?"

"నేనే. దుంగ దొర్లకుండా కింద చెక్క పెడతాం. క్రేను గొలుసు దుంగని పట్టుకోకుండా అది తీయకూడదు. గొలుసు పడిందో లేదో వెళ్లి కంటితో చూడాలి. చూసి, చేత్తో లాగి, అప్పుడు తీయాలి. ఆ పద్ధతి వాడికి నేర్పింది నేనే. ఆ రోజు వాడు అవతలి పక్క నుంచి అరిచాడు, గొలుసు పడింది బావా, చెక్క తియ్యి అని. వెళ్లి చూడలేదు. వాడి మాట మీద తీశాను. గొలుసు పక్క దుంగకి పడి ఉంది."

ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నేళ్లయిందో.

"అంటే వాడే తప్పు దుంగకి గొలుసు వేసుకుని, నిన్ను చెక్క తియ్యమన్నాడంటావు."

"వాణ్ణేం అనడం లేదు. చూడాల్సింది నేను."

"అనకపోయినా అన్నట్టే." ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. "అయిదేళ్లు. ఆ కాగితం నా చేత చదివించి, నువ్వు పక్కన కూర్చుని విన్నావు. చచ్చినవాడు వచ్చి అవునో కాదో చెప్పడు. ఇంకెవరు చూశారు?"

"కొంగ."

కొంగంటే క్రేను నడిపేవాడు. పొడుగు మెడ, ఎప్పుడూ పైనుంచి చూస్తూ ఉంటాడని ఆ పేరు. జారిందని రాయిద్దాం అన్నా, పోయినవాడి పేరూ చెడదు, నీ పేరూ చెడదు అన్నది కూడా వాడే. ఆ తర్వాత నేను వాడితో మాట్లాడలేదు.

మా ఆవిడ లోపలికెళ్లి ఫోను తెచ్చింది. "ఆరూ రేపు పోతాయి. ఇది పోదు. నాకు నిజం తెలిసేదాకా ఇది ఇల్లు కదలదు. ఎండొచ్చి మాడినా సరే. నంబరు చెప్పు."

చెప్పాను. మర్చిపోవాలని చూశాను గాని, గుర్తుంది.

ఫోను గట్టిగా వినపడేట్టు పెట్టి, పొట్టి చెట్టు డబ్బా అంచు మీద ఆనించింది. ఆకులు తుడిచేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటుందో అంత జాగ్రత్తగానే. నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి ఎత్తాడు.

"నేను" అంది. "చనిపోయినవాడి అక్కని. ఈయన చెక్క సంగతి చెప్పాడు."

ముందు అవతల వాడి ఊపిరి వినపడింది.

"చెప్పాడా వదినా" అన్నాడు. గొంతు ముసలిదైపోయింది. "అయితే ఆ గొలుసు వేసిందెవరో కూడా చెప్పాడా?"

మా ఆవిడ నా వంక చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను. ఈ అయిదేళ్లూ అది పోయినవాడే వేశాడనుకున్నాను.